ఐపీ పెట్టినాక జీతం ఏ ఖాతాలో పడాలి: ఒక కేసు వివరం

ఈ కేసులో మనిషిని, ఊరిని, బ్యాంకులను గుర్తుపట్టే వివరాలన్నీ తీసేశాం. అంకెలను కొద్దిగా మార్చాం, లెక్క మాత్రం మారలేదు. ఐపీ (దివాలా పిటిషన్) కేసులు చూసే వకీళ్ళకూ, బ్యాంకు మిత్రలకూ, అప్పుల్లో ఉన్నవాళ్ళకు సలహా చెప్పేవాళ్ళకూ పనికొస్తుందని రాస్తున్నాం.

నేపథ్యం

వరంగల్ చుట్టుపక్కల ఒక మండల కేంద్రంలో ఎరువులు, పురుగుమందుల షాపు. యజమానికి నలభై దాటాయి. ఈ వ్యాపారం నడిచేదే ఉద్దెర (అరువు) మీద. జూన్‌లో విత్తనాలతో మొదలుపెట్టి మందుల దాకా రైతులకు సరుకు ఇచ్చేయాలి. పత్తి ఏనుమాముల యార్డుకు చేరాక, దసరాకూ సంక్రాంతికీ మధ్య వసూలు చేసుకోవాలి. వరసగా రెండు సీజన్లు ఉద్దెర తిరిగి రాలేదు. డిస్ట్రిబ్యూటర్‌కు కట్టడానికి ముందు బ్యాంకు సీసీ (క్యాష్ క్రెడిట్) లోను లిమిట్ వాడాడు. అది నిండాక చిట్టీ ఎత్తాడు, చివరికి అధిక వడ్డీకి అప్పిచ్చే గిరిగిరి ఫైనాన్స్‌కు పోయాడు. షాపు మూసేనాటికి 14 మందికి కలిపి సుమారు 23 లక్షల బాకీ. ఆస్తి అంటే గోడౌన్‌లో మిగిలిన కొంత సరుకు, ఒక పాత ద్విచక్ర వాహనం, రైతుల నుంచి రావలసిన ఉద్దెర చిట్టా పుస్తకం. అంతే.

సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో ఐపీ దాఖలైంది. చాలామంది కొత్త దివాలా కోడ్ కింద వేయవచ్చు కదా అని అడుగుతారు. 2016 నాటి ఆ చట్టంలో వ్యక్తుల భాగం ఇప్పటిదాకా కంపెనీ అప్పులకు పూచీ పడినవాళ్ళకే, 2019 డిసెంబర్ 1 నుంచి, అమల్లోకి వచ్చింది. మామూలు షాపు యజమానికి, రైతుకు, ఉద్యోగికి మన జిల్లాల్లో ఇంకా 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టమే దిక్కు. ఈ కేసులో ప్రతి నిర్ణయం ఆ చట్టంలోని సెక్షన్ల చుట్టూనే తిరిగింది.

సమస్య

కుటుంబం హనుమకొండలో అద్దె ఇంటికి మారింది. ఆయన ఒక జిన్నింగ్ మిల్లులో లెక్కల గుమాస్తాగా చేరాడు. జీతం నెలకు 16,000. మిల్లు జీతాలను బ్యాంకు ద్వారానే ఇస్తుంది. ఆయన తన పాత సేవింగ్స్ ఖాతా నంబర్ ఇచ్చాడు. సీసీ లోను ఉన్న బ్యాంకు ఖాతానే అది.

మొదటి నెల జీతం పడిన రోజు సాయంత్రమే నిల్వ సున్నా అయింది. రెండో నెలా అదే జరిగింది. పాస్‌బుక్ ప్రింట్ తీయిస్తే రెండు వరుసలు కనిపించాయి: ఒకటి 16,000 జమ, దాని కిందే 16,000 ఖర్చు, లోను ఖాతాకు బదిలీ. ఆయన అడిగింది ఒకటే: “ఐపీ పెట్టినంక కూడ నా జీతం ఎట్ల పట్టుకుంటరు సార్?”

దీనికి జవాబు రెండు ముక్కలు. మొదటిది, ఐపీ వేసినంత మాత్రాన రక్షణ రాదు. అప్పులవాళ్ళు ఆస్తి మీదికి రాకుండా ఆపేది సెక్షన్ 28. అది కోర్టు ఇన్‌సాల్వెంట్‌గా (దివాలా తీసినవాడిగా) ప్రకటించాక పనిచేస్తుంది. పిటిషన్ విచారణలో ఉండగా బ్యాంకు చేతులు కట్టేసి ఉండవు. రెండోది, ఒకే బ్యాంకులో ఒక చేత్తో డిపాజిట్, ఇంకో చేత్తో అప్పు ఉంటే, డిపాజిట్‌ను అప్పు కింద సర్దుకునే హక్కు బ్యాంకుకు ఉంది. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 171 ప్రకారం బ్యాంకులకు చేతిలో ఉన్నదాన్ని బాకీకి పట్టి ఉంచుకునే హక్కు (లియన్), దానితోపాటు లోను కాగితాల్లో ఆయన సంతకం పెట్టిన షరతు. కాబట్టి బ్యాంకు చేసింది తప్పు అని వాదిస్తూ కూర్చుంటే మూడో నెల జీతం కూడా పోతుంది. ముందు జీతం పడే చోటు మార్చాలి, ఆ తర్వాతే పోయినదాని సంగతి. ఈ క్రమం తారుమారు చేసిన కేసుల్లో ఇంటి అద్దె కట్టలేక మనుషులు మళ్ళీ గిరిగిరి దగ్గరికే పోతారు. మొత్తం పని అక్కడే చెడుతుంది.

ముందు ప్రయత్నించినవి, ఎందుకు పనిచేయలేదు

భార్య ఖాతాలో జీతం వేయించుకుందామన్నది ఇంట్లో అందరి ఆలోచన. మేము వద్దన్నాం, మూడు కారణాలతో. ఐపీ వేసిన మనిషి ఆదాయం ఇంకొకరి పేరు మీద కనిపిస్తే, అప్పులవాళ్ళ వకీలు క్రాస్ ఎగ్జామినేషన్‌లో అడిగే మొదటి ప్రశ్న అదే. ఆస్తిని మోసపూరితంగా దాచడం సెక్షన్ 69 కింద నేరం, ఏడాది దాకా జైలు. భార్యకు పొదుపు సంఘం లోను ఉంది, అది కట్ అయ్యేది కూడా ఆ ఖాతాలోనే. పీఎఫ్‌కు యూఏఎన్‌లో (ఉద్యోగి పీఎఫ్ నంబర్‌లో) ఉద్యోగి సొంత ఖాతానే ఎక్కించాలి కాబట్టి మిల్లు అకౌంటెంట్ కూడా ఒప్పుకోలేదు.

రెండో ప్రయత్నం ఆయనే చేసుకున్నాడు. “వేరే బ్యాంకు” అనుకుని ఇంకో బ్రాంచికి పోయాడు. కౌంటర్‌లో ఆధార్ నంబర్ కొట్టగానే పాత కస్టమర్ ఐడీ తెరమీదికి వచ్చింది, దాని పక్కనే మొండి బాకీ గుర్తు. పదేళ్ళ కింద బావమరిది ట్రాక్టర్ లోనుకు ఆయన జామీను సంతకం పెట్టాడు. ఆ లోను ఇచ్చిన బ్యాంకు తర్వాత ఇంకో బ్యాంకులో కలిసిపోయింది. ఆయన వెళ్ళింది సరిగ్గా ఆ కలిపేసుకున్న బ్యాంకుకే.

ఈ పొరపాటు మన ప్రాంతంలో చాలా మామూలు. 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ ఎస్‌బీఐలో కలిసింది. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు, కార్పొరేషన్ బ్యాంకు యూనియన్ బ్యాంకులో, సిండికేట్ బ్యాంకు కెనరాలో, అలహాబాద్ బ్యాంకు ఇండియన్ బ్యాంకులో కలిశాయి. అంతకు ఏడాది ముందే విజయా బ్యాంకు బ్యాంక్ ఆఫ్ బరోడాలో కలిసింది. వరంగల్ కేంద్రంగా నడిచిన ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు తెలంగాణ బ్రాంచీలు 2025 జనవరి 1న తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిశాయి. ఇంట్లో ఉన్న పాత పాస్‌బుక్ మీద పాత పేరే ఉంటుంది. మనిషి మనసులో కూడా పాత పేరే ఉంటుంది. బ్యాంకు కంప్యూటర్‌లో మాత్రం ఆయన ఒక్కడే.

మూడో చోట బ్యాంకు సరైనదే. ఆయనకు అక్కడ పైసా బాకీ లేదు. కానీ ఆధార్‌లో ఊరి చిరునామా, ఉంటున్నది హనుమకొండలో. చిరునామా సరిపోలేదంటూ “స్మాల్ ఖాతా” ఇస్తామన్నారు. దాన్ని తీసుకోవద్దని చెప్పడానికి ఒక చిన్న లెక్క సరిపోయింది. స్మాల్ ఖాతాలో నెలకు 10,000 కంటే ఎక్కువ తీయకూడదు, నిల్వ 50,000 దాటకూడదు, ఏడాదిలో మొత్తం జమలు లక్ష దాటకూడదు. 16,000 చొప్పున ఆరు నెలలకు 96,000. ఏడో జీతం ఆగిపోతుంది. అద్దె, ఫీజులు కలిపి 10,000 దాటే ఇంటికి మొదటి నెలలోనే ఇబ్బంది. ఆ ఖాతా గుర్తింపు కాగితాలే లేనివాళ్ళ కోసం పెట్టింది. ఆయన దగ్గర ఆధార్, పాన్ రెండూ ఉన్నాయి.

నాలుగో చోట దరఖాస్తు ఇస్తూ ఆయన తనంతట తానే “నా మీద ఐపీ కేసు నడుస్తున్నది” అన్నాడు. “ఐపీ ఉన్నోళ్ళకు ఖాతా ఇయ్యం” అన్నారు. నోటిమాటగానే. కాగితం మీద ఏమీ రాలేదు.

ఇది ఎందుకు జరుగుతుందో అర్థం చేసుకోవాలి. లోను కౌంటర్‌లో ఉండే జాగ్రత్తను సిబ్బంది డిపాజిట్ కౌంటర్‌కు తెస్తారు. కోర్టు నుంచి అటాచ్‌మెంట్ (జప్తు ఉత్తర్వు) వస్తే మనకెందుకీ తలనొప్పి అన్న భయం కూడా ఉంటుంది. కానీ బేసిక్ సేవింగ్స్ ఖాతా అప్పు కాదు. ఆర్‌బీఐ 2012 ఆగస్టు 10 నుంచి దీన్ని అందరికీ అందుబాటులో ఉండే మామూలు బ్యాంకింగ్ సేవగా చూడాలని బ్యాంకులకు చెప్పింది. కనీస నిల్వ అవసరం లేదు. డబ్బు వేసుకోవచ్చు, ఎలక్ట్రానిక్ జమలు వస్తాయి, ఏటీఎం కార్డు ఇస్తారు, నెలకు కనీసం నాలుగు సార్లు ఉచితంగా తీసుకోవచ్చు. ముఖ్యమైన షరతు: అదే బ్యాంకులో ఇంకో సేవింగ్స్ ఖాతా ఉండకూడదు, ఉంటే 30 రోజుల్లో మూసేయాలి. కేవైసీ నిబంధనల్లో ఆ మనిషి ఎవరు, ఎక్కడ ఉంటాడు అనే అడుగుతారు. ఎంత అప్పున్నాడని అడగరు.

ఏది పనిచేసింది

మొదట ఒక తెల్లకాగితం మీద మూడు నిలువు గీతలు గీశాం. ఒక గడిలో ఆయన సొంతంగా తీసుకున్న అప్పులు, రెండో గడిలో జామీను సంతకాలు, మూడో గడిలో ఆ బ్యాంకులు ఇప్పుడు ఏ పేరుతో ఉన్నాయన్నది. క్రెడిట్ రిపోర్టు తీసి దానితో సరిచూశాం. పీఏసీఎస్ (ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘం) పంట రుణం, బంగారం తాకట్టు, క్రెడిట్ కార్డు, ఫోను కొన్నప్పటి ఈఎంఐ, ఏదీ వదల్లేదు. ఆయన మరిచిపోయిన రెండు బాకీలు ఆ రిపోర్టులోనే దొరికాయి. అవి పిటిషన్ షెడ్యూల్‌లో కూడా లేవు. వాటినీ చేర్చమని కోర్టులో మెమో వేశాం. షెడ్యూల్‌లో లేని అప్పు తర్వాత దాచిపెట్టినట్టు కనిపిస్తుంది.

మూడో గడిలో లేని బ్యాంకులు చుట్టుపక్కల నాలుగే మిగిలాయి. ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు గురించి కూడా ఆలోచించాం. పేమెంట్స్ బ్యాంకులు అప్పులివ్వకూడదు, కాబట్టి సర్దుబాటు ప్రశ్నే రాదు. రోజు చివర నిల్వ 2 లక్షల లోపు ఉండాలన్న పరిమితి ఈయనకు అడ్డం కాదు. వేరే దారి మూసుకుపోతే ఇదే అనుకుని పక్కన పెట్టుకున్నాం. మామూలు బ్యాంకునే ముందు ఎంచుకున్నదానికి కారణం, ఇంటికి దగ్గరగా బ్రాంచి ఉండటం, రిసీవర్‌కు (దివాలా ఆస్తిని చూసుకోవడానికి కోర్టు పెట్టిన మనిషికి) నెలనెలా పాస్‌బుక్ ప్రింట్ ఇవ్వాల్సి రావడం.

ఆ తర్వాత బ్రాంచికి ఒక పేజీ ఉత్తరం రాశాం. అందులో నాలుగే విషయాలు. బేసిక్ సేవింగ్స్ ఖాతా కోసం దరఖాస్తు చేస్తున్నాను. ఈ బ్యాంకులో నాకు లోను గానీ జామీను గానీ వేరే సేవింగ్స్ ఖాతా గానీ లేవు. నాకు ఓవర్‌డ్రాఫ్ట్, చెక్కుబుక్కు, ఏ రకమైన క్రెడిటూ అవసరం లేదు. ఖాతా ఇవ్వడానికి వీలుకాదంటే కారణం రాతపూర్వకంగా ఇవ్వగలరు. రెండు ప్రతులు తీసుకెళ్ళి ఒకదాని మీద అందినట్టు ముద్ర, తేదీ వేయించుకున్నాం.

ఐపీ సంగతి ఉత్తరంలో రాయలేదు. దీని మీద మాలో మాకే చర్చ జరిగింది. ఖాతా ఫారంలో ఆ ప్రశ్న లేదు, కాబట్టి మనం ఎత్తనక్కర్లేదు. కానీ కౌంటర్‌లో సూటిగా అడిగితే అబద్ధం చెప్పవద్దని ఆయనకు గట్టిగా చెప్పాం. ఐపీలో ఉన్న మనిషి ఎక్కడైనా ఒక్క అబద్ధం ఆడినా అది రేపు డిశ్చార్జి (కోర్టు అప్పుల నుంచి విముక్తి ఇచ్చే) రోజున ఎదురుగా వచ్చి కూర్చుంటుంది. పాన్ ఇవ్వకుండా ఫారం 60తో తెరుద్దామన్న ఆలోచననూ అందుకే పక్కన పెట్టాం.

చిరునామాకు ఆధార్ ఈ-కేవైసీ చేయించి, ఇప్పటి చిరునామాకు సెల్ఫ్ డిక్లరేషన్ ఇచ్చాం. ఆధార్ వేలిముద్రతో ధ్రువీకరణ జరిగినప్పుడు వేరే చిరునామాకు ఇది చాలు. తోడుగా రెండు నెలల లోపు కరెంటు బిల్లు, అద్దె రసీదు పెట్టాం.

మొదటి వారం ఏమీ కదల్లేదు. రెండో వారం ముద్ర ఉన్న ప్రతితో బ్యాంకు అంతర్గత ఫిర్యాదు విభాగానికి రాసి, ఒక కాపీ జిల్లా లీడ్ బ్యాంకు మేనేజర్ ఆఫీసులో ఇచ్చాం. అక్కడి నుంచి బ్రాంచికి ఫోను వెళ్ళింది. మూడో రోజు ఖాతా తెరిచారు. తెరవకపోతే ఫిర్యాదు ఇచ్చిన 30 రోజులకు ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు పోవాలని అనుకున్నాం. 14448 నంబర్‌కు ఫోను చేస్తే అక్కడ దారి చెబుతారు. ఈ కేసులో అంతదాకా రాలేదు.

పాస్‌బుక్ చేతికి రాగానే మొదటి పేజీ చూడాలి. ఖాతా రకం దగ్గర బేసిక్ అనో, బీఎస్‌బీడీ అనో ఉండాలి. ఈయనకు మొదట మామూలు సేవింగ్స్ స్కీమ్ కోడ్ పడింది. కనీస నిల్వ లేదని చార్జీ పడటానికి అదే మూలం. అదే రోజు చెప్పి మార్పించాం. ఆలస్యమైతే చార్జీ వెనక్కి తెప్పించడానికి ఇంకో తిరుగుడు.

ఖాతా తెరిచాక చేసినవి

కొత్త ఖాతా నంబర్‌ను వారంలోపు ఇంటరిమ్ (తాత్కాలిక) రిసీవర్‌కు రాతపూర్వకంగా తెలిపాం, కోర్టులో మెమో కూడా వేశాం. దీనితో దాపరికం అన్న మాటే లేకుండా పోయింది. భార్య ఖాతాకూ ఈ ఖాతాకూ తేడా ఇక్కడే ఉంది.

జీతంలో ఎంత ఆయనది, ఎంత అప్పులవాళ్ళది అన్నదానికి లెక్క ఉంది. ప్రకటన తర్వాత సంపాదించిందీ డిశ్చార్జి దాకా రిసీవర్‌కే చెందుతుందని సెక్షన్ 28(4) చెబుతుంది. కానీ సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 60 కింద అటాచ్ చేయకూడని ఆస్తి దీనిలోకి రాదని అదే సెక్షన్‌లో 28(5) చెబుతుంది. సెక్షన్ 60 ప్రకారం జీతంలో మొదటి వెయ్యి, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు ముట్టుకోకూడదు. 16,000లో మొదటి 1,000 పోగా 15,000, దానిలో మూడింట రెండు వంతులు 10,000. మొత్తం 11,000 ఆయనకు భద్రం. మిగిలిన 5,000 మీదే మాట నడవాలి. కూలివాళ్ళ వేతనానికైతే పూర్తి మినహాయింపు ఉంది, కానీ లెక్కల గుమాస్తా ఆ కోవలోకి వస్తాడా అన్నది వాదన. ఆ వాదన మీద ఇంటి ఖర్చు పెట్టలేం. అందుకే 5,000లోంచి నెలకు 2,000 జమ చేస్తామని మేమే ముందుగా మెమో వేశాం. కోర్టు దాన్ని రికార్డు చేసింది.

ఖాతాలోకి జీతం తప్ప ఇంకేమీ రానివ్వొద్దని చెప్పాం. జీతంతో పాటు స్నేహితుడి చేబదులు, పాత ఉద్దెర వసూలు, సరుకు అమ్మిన డబ్బు కలిసిపోతే ఏది జీతమో తేల్చడం కష్టం. ముఖ్యంగా ఉద్దెర వసూలు ఆయనది కాదు, రిసీవర్‌ది. రైతులు ఇచ్చినా చేతిలో తీసుకోకుండా రిసీవర్ పేరు చెప్పి పంపాలి.

జన్ ధన్ ఓవర్‌డ్రాఫ్ట్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఖాతా బాగా నడిపితే 10,000 దాకా ఓడీ ఇస్తారని బ్యాంకు మిత్ర ప్రేమగానే చెప్పాడు. కానీ సెక్షన్ 72 ప్రకారం డిశ్చార్జి కాని ఇన్‌సాల్వెంట్, ఆ సంగతి ఎదుటివాళ్ళకు చెప్పకుండా 50 రూపాయలు లేదా అంతకు పైన అప్పు తీసుకుంటే ఆరు నెలల దాకా జైలు పడవచ్చు. 1920 నాటి 50 రూపాయలు ఇప్పటికీ అంతే. కిరాణా షాపులో ఖాతా రాయించుకోవడం కూడా దీనిలోకి వస్తుంది. అందుకే ఫారంలో ఓడీ గడి ఖాళీగా ఉంచాం. ఏడాదికి 20 రూపాయల ప్రమాద బీమా మాత్రం పెట్టించాం, అది అప్పు కాదు.

పాత ఖాతాను మూసేయమని ఆయన పదేపదే అడిగాడు. వద్దన్నాం. ఫైనాన్స్ వాళ్ళ దగ్గర ఆయన సంతకం చేసిన ఖాళీ చెక్కులు ఉన్నాయి. ఖాతా మూసేస్తే చెక్కు “అకౌంట్ క్లోజ్డ్” అని తిరిగొస్తుంది. అది కూడా 138 (చెక్కు బౌన్స్) కేసేనని సుప్రీంకోర్టు ఎప్పుడో తేల్చింది. పైగా ఐపీ 138 క్రిమినల్ కేసును ఆపదు. ఖాతాను ఉన్నచోటే ఉంచి, ఆ చెక్కుల నంబర్లతో షెడ్యూల్‌లో వివరం రాశాం.

ఇంత చేసినా ఒక చోట తప్పింది. కొత్త ఖాతా తెరిచిన మూడో వారంలో ఆయన తమ్ముడు పిల్లల ఫీజు కోసం 3,000 ఫోన్ నంబర్‌కు పంపాడు. ఆ నంబర్‌కు యూపీఐ ఇంకా పాత ఖాతానే చూపిస్తోంది. డబ్బు అందులో పడి, లోనుకు పోయింది. ఫోనులో ఉన్న ప్రతి యూపీఐ యాప్‌లో పాత ఖాతాను తొలగించి, డబ్బు అందుకునే ఖాతాగా కొత్తదాన్ని పెట్టాల్సింది ముందే. ఖాతా మార్చేటప్పుడు చేయాల్సిన పనుల జాబితాలో మేము దీన్ని చేర్చలేదు. ఇప్పుడు ఏ కేసులోనైనా ఇది మొదటి రోజు పనుల్లోనే ఉంటుంది. ఆధార్ సీడింగ్ (ఖాతాకు ఆధార్‌ను జతచేయడం) కూడా అంతే. గ్యాస్ సబ్సిడీ లాంటివి ఎన్‌పీసీఐ మ్యాపర్‌లో (ఏ ఆధార్‌కు ఏ బ్యాంకు అన్న జాబితాలో) చివరగా సీడ్ చేసిన ఖాతాకు పోతాయి. కొత్త బ్రాంచిలో సీడింగ్ ఫారం విడిగా ఇవ్వాలి, ఖాతా తెరిచినంత మాత్రాన మారదు.

నెలకు నాలుగు విత్‌డ్రాయల్స్ సరిపోతాయా అన్న భయం ఉండేది. వారానికి ఒకసారి తీసుకునేలా లెక్క వేశాం. అద్దె మొదటి వారం, ఫీజు, పాలు, కిరాణా తర్వాత. కొన్ని బ్యాంకులు యూపీఐ చెల్లింపులను కూడా ఈ నాలుగింటిలో లెక్కపెట్టేవి. ఖాతా తెరిచే రోజే అడిగి తెలుసుకోవాలి.

ఇప్పుడు ఎక్కడ ఉంది

కోర్టు ఆయనను ఇన్‌సాల్వెంట్‌గా ప్రకటించి, డిశ్చార్జికి దరఖాస్తు పెట్టడానికి గడువు ఇచ్చింది. ఆ తేదీ దాటితే సెక్షన్ 43 కింద ప్రకటనే రద్దు కావచ్చు. అందుకే ఆ తేదీని పాస్‌బుక్ లోపలి అట్ట మీద పెన్సిల్‌తో రాయించాం. ఆయన ప్రతి నెలా ఐదో తారీఖున తెరిచేది ఆ పుస్తకమే. సర్దుకున్న రెండు జీతాలు 32,000, తమ్ముడి 3,000 తిరిగి రాలేదు. వాటి వివరం బ్యాంకు స్టేట్‌మెంట్‌తో సహా రిసీవర్ దగ్గర పెట్టాం. ప్రకటన ప్రభావం పిటిషన్ వేసిన రోజు నుంచే లెక్కలోకి వస్తుందని సెక్షన్ 28(7) చెబుతుంది కాబట్టి, ఆ సొమ్ము అప్పులవాళ్ళందరి వాటాలో ఎలా సర్దాలన్నది రిసీవర్ కోర్టు ముందు పెట్టాలి. ఆ విచారణ ఇంకా జరుగుతోంది. జీతం మాత్రం కొత్త ఖాతాలో పడిన నాటి నుంచి ఒక్క నెల కూడా ఆగలేదు.